బీడీ మానేసినా నాన్నకు ఆయాసం తగ్గట్లేదు, ఇమ్యూనిటీ పొడి వాడొచ్చా?

ఇందూరు కుర్రాడు:
మా నాన్నకు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ఉందని పోయినేడు తేలింది, గొట్టంలోకి గట్టిగా ఊదించే టెస్ట్ చేసి చెప్పారు. వయసులో ఉన్నప్పటి నుంచి బీడీ తాగేవారు, ఆ రోజుతో మానేశారు, మళ్లీ ముట్టలేదు. అయినా పొద్దున్నే తెమడ పడుతోంది, మెట్లెక్కితే ఆయాసం. "పొగ ఆగింది గానీ లోపల రక్షణ కణాలు ఆగలేదు" అన్నారు డాక్టర్ గారు, వెనక లైను ఉండటంతో ఇంకేమీ అడగలేకపోయాను. కాపాడాల్సిన కణాలే పాడుచేయడమేంటండీ? మా మేనత్త ఇమ్యూనిటీ పెరుగుతుందని ఒక పొడి తెచ్చిచ్చింది, వాడాలా వద్దా? రక్తంలో ఇసినోఫిల్స్ కూడా చూపించమన్నారు, అవి అలర్జీ ఉన్నవాళ్లలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలట, నాన్నకు అలర్జీ ఏమీ లేదే మరి.

ఛాతీ వార్డు:
తమ్ముడూ, నాన్నగారికి ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదిది. గాలి సంచుల్లో మాక్రోఫేజ్‌లని కొన్ని కణాలుంటాయి, లోపలికొచ్చిన దుమ్మునూ సూక్ష్మజీవులనూ మింగేయడం వాటి పని. పొగ తాగేవాళ్లలో ఇవి కొన్ని రెట్లు పెరుగుతాయి, మైక్రోస్కోప్ కింద చూస్తే ఒక్కో కణం నిండా గోధుమరంగు రేణువులు కనిపిస్తాయి. ఇవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. ఆ న్యూట్రోఫిల్స్ దగ్గర ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, బ్యాక్టీరియాను చంపడానికి పనికొచ్చేదే, కానీ బయటికి ఒలికితే గాలి సంచి గోడలో సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను కోసేస్తుంది. లాస్టిక్ పోయిన నాడాలా తయారవుతుంది ఊపిరితిత్తి. పీల్చిన గాలి బయటికి పోక లోపలే ఉండిపోతుంది, అందుకే మీ నాన్నగారికి ఊపిరి వదలడమే ఎక్కువ కష్టంగా ఉంటుంది, గమనించండి.

ఈ ఎలాస్టేజ్‌ను అదుపులో పెట్టే ప్రొటీన్‌ను లివర్ తయారుచేస్తుంది, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అంటారు. అది పుట్టుకతోనే లోపించిన కొందరికి చిన్న వయసులోనే ఎంఫైసీమా (గాలి సంచుల గోడలు చితికిపోయే జబ్బు) వస్తోందని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ చూపించారు. మిగతావాళ్లలో ఆ ప్రొటీన్ ఉన్నా పొగ దాన్ని పనికిరాకుండా చేస్తుంది. మాక్రోఫేజ్‌లకు సొంత ఎలాస్టేజ్ కూడా ఉంది, అది లేని ఎలుకలకు నెలల తరబడి సిగరెట్ పొగ పట్టినా ఎంఫైసీమా రాలేదని 1997లో తేలింది. వీటికి తోడు సీడీ8 టీ కణాలనే మరో రకం రక్షణ కణాలు శ్వాసనాళాల గోడల్లోకి చేరి అక్కడి కణాలను చంపుతాయి.

మానేశాక కూడా ఎందుకు ఆగదంటే, ఈ మాక్రోఫేజ్‌లు సంఖ్యలో పెరిగాయే గానీ పనిలో మొద్దుబారాయి. చచ్చిన కణాలను సరిగా ఎత్తేయవు, హీమోఫిలస్ లాంటి బ్యాక్టీరియాను పూర్తిగా మింగవు. అలా మిగిలిన చచ్చిన కణాలు, బ్యాక్టీరియా అక్కడే ఉండిపోయి మళ్లీ న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తాయి. తెగిపోయిన ఎలాస్టిన్ ముక్కలు కూడా కొత్త కణాలను లాక్కొస్తాయి.

అలాగని మానడం వృథా అని మాత్రం ఆయన దగ్గర అనకండి! అమెరికా, కెనడాల్లో 11 ఏళ్లు గమనిస్తే, తాగుతూనే ఉన్న మగవాళ్లకు మొదటి సెకనులో ఊదగలిగే గాలి ఏడాదికి 66 మిల్లీలీటర్ల చొప్పున తగ్గింది, మానేసినవాళ్లకు 30. ఆయన చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా పెద్ద పని అదే.

శ్రీకాకుళం ఆడపడుచు:
మా అమ్మ జీవితంలో చుట్ట ముట్టలేదు, కట్టెల పొయ్యి దగ్గరే గడిపింది, ఆమెకూ ఇదే జబ్బు. మా వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు ఉన్నారు కాబట్టి డాక్టర్లు కూడా ముందు చుట్ట గురించే అడిగారు. ఇదీ ఈ కణాల వల్లేనా అండీ?

ఛాతీ వార్డు:
అవునమ్మా, పొయ్యి పొగకూ ఈ కణాలు రెచ్చిపోతాయి. కాకపోతే కట్టెల పొగలో గాలి సంచులు చితికిపోవడం కంటే చిన్న గొట్టాల గోడలు మందమవడం ఎక్కువగా కనిపిస్తుంది. పొయ్యి గురించి మీరే ముందుగా డాక్టరుకు చెప్పండి.

మందుల షాపు అన్న:
పొడి సంగతి నేను చెప్తా. అందులో ఏముందో తెలియకుండా ఇవ్వొద్దు, కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు, వేసుకున్న నాలుగు రోజులు హాయిగా ఉన్నట్టే ఉంటుంది. ఇమ్యూనిటీ కోసం నిజంగా ఏదన్నా చేయాలనుంటే ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అడగండి. ఇక ఇసినోఫిల్స్ అంటారా, న్యూట్రోఫిల్స్ నడిపే ఈ జబ్బు స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు అంతగా లొంగదు, ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లకే బాగా పనిచేస్తుంది. మైక్రోలీటరుకు 300 దాటితే లాభం ఎక్కువ, 100 కంటే తక్కువుంటే లాభం అంతంతమాత్రమే, పైగా న్యుమోనియా భయం. అలా ఎక్కువున్న కొందరికి డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2024లో అనుమతి కూడా వచ్చింది.

ఇందూరు కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా, అందరికీ. పొడి పక్కన పెట్టేశాను, అత్తకు నేనే నచ్చజెప్తా. పోయిన వారం ఆయాసం ఎక్కువై స్టెరాయిడ్ మాత్రలు రాశారు, ఇంకా వేసుకుంటున్నారు. రేపే రక్తం ఇచ్చేయమంటారా?

ఛాతీ వార్డు:
ఆ మాత్రలు వేసుకుంటుంటే ఇసినోఫిల్స్ పడిపోయి కనిపిస్తాయి. డాక్టరుకు ఆ విషయం చెప్పి, కోర్సు అయిపోయి మనిషి కుదుటపడ్డాక ఎప్పుడివ్వాలో అడగండి. పాత సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు ఇంట్లో ఉంటే అవీ పట్టుకెళ్లండి, మాత్రలు మొదలవకముందు ఎంత ఉందో అందులో దొరుకుతుంది.