పాత బ్లాగు బ్యాకప్‌లో కొమ్ములు, పొల్లులు పోయాయి

మాది పర్లాకిమిడి. 2009 నుంచి 2014 దాకా మా ఊరి తెలుగు మీద, గిడుగు రామమూర్తి గారు ఇక్కడ సవర అనే గిరిజన భాష నేర్చుకున్న రోజుల మీద బ్లాగు రాశాను. ఇప్పుడు ఒక ఎక్స్‌ఎంఎల్ బ్యాకప్ (బ్లాగంతా దాచిన ఫైలు) మాత్రమే మిగిలింది. నా రాతలకంటే వాటి కింద జరిగిన పొడుగాటి చర్చలే నాకు ముఖ్యం. అంత ఓపికగా రాసేవాళ్లు ఇప్పుడు కనబడటం లేదు.

ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో విండోస్-1252కి (తెలుగు లేని పాత అక్షర సంకేతాల పద్ధతి) మార్చి, మళ్లీ యూటీఎఫ్-8గా (తెలుగు కూడా ఉన్న పద్ధతి) చదివిస్తే చాలావరకు తెలుగు వచ్చింది. కానీ కొమ్ము, పొల్లు, 'ఏ' అక్షరం ఉన్నచోటల్లా ప్రశ్నార్థకమే. 'గుర్తు' కాస్తా 'గ?ర?త?' అయింది. పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో మొదటి పేజీ ఒక్కటే దొరికింది.

చేత్తో ఒక్కొక్కటి దిద్దకుండా ఈ అక్షరాలను తిరిగి రప్పించే మార్గం ఏదైనా ఉందా?