యూరోపియన్ యూనియన్ లాంటి, దేశాలకి పైనుండే సంస్థల్ని జనం మళ్ళా నమ్మాలంటే ముందు ఓటు బలం కావాల్నా, చట్టం బలం కావాల్నా?

హెచ్చెల్సీ ఆయకట్టు (అనంతపురం):
నేను డిగ్రీ పిల్లోళ్ళకి పొలిటికల్ సైన్స్ చెప్తా, మొన్న క్లాసులో ఈ ప్రశ్న వచ్చి గంటైనా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాటైతే ఓటే ముందు. 27 దేశాలు తమ అధికారాల్లో కొన్ని బ్రస్సెల్స్‌కి, అంటే యూనియన్‌కి ఇచ్చినాయి గానీ, అక్కడ చట్టం ప్రతిపాదించే హక్కు దాదాపు అంతా కమిషన్ (యూనియన్ పాలన నడిపే సంస్థ) చేతిలోనే ఉంది, జనం ఎన్నుకున్న పార్లమెంటుకి లేదు. 2005లో యూనియన్‌కి రాజ్యాంగం లాంటి ఒప్పందం ఒద్దని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ జనం ఓటేసినారు, దాంట్లో చానా భాగం లిస్బన్ ఒప్పందం అని ఇంకో పేరుతో వచ్చింది, 2008లో ఐర్లండ్ జనం అదీ కాదంటే కొన్ని హామీలిచ్చి మరుసటేడు మళ్ళా ఓటేయించినారు. 2015 జులైలో గ్రీసులో 61 శాతం మంది అప్పుల షరతులు మాకొద్దు అన్నారు, పది దినాలు తిరక్కముందే వాళ్ళ ప్రభుత్వం అట్లాంటి షరతులకే ఒప్పుకోవాల్సొచ్చింది. ఒద్దన్న మాటకి విలువ ల్యాకపోతే మనిషి యాడ నమ్ముతాడు?

బురుజు పక్కన (కర్నూలు):
తమ్ముడూ, నేను ముప్పై ఏండ్లుగా వకీలుని, నువ్వు చెప్పిండే బాధ నిజమే గానీ పోలండ్ సంగతి వదిలేసినావు. అక్కడ ఓట్లతో గెలిచిన ప్రభుత్వమే సుప్రీంకోర్టు జడ్జీల రిటైర్మెంటు వయసు 70 నుంచి 65కి దించి, పనిలో ఉన్నోళ్ళనే ఇంటికి పంపాలని చూసింది, యూరోపియన్ యూనియన్ కోర్టు ముందు మధ్యంతర ఉత్తర్వుతో ఆపి 2019 జూన్‌లో అది చెల్లదని తీర్పిచ్చింది. ఆ తర్వాత జడ్జీల మీద క్రమశిక్షణ చర్యలకి పోలండ్ పెట్టిన విభాగం గొడవలో కోర్టు మాట వినకపోతే 2021లో దినానికి పది లక్షల యూరోల జరిమానా ఏసింది. ఓటు ఒక్కటే ఉండి ఆ కోర్టు లేకపోయింటే ఆ జడ్జీలకి దిక్కెవరు?
మన సంగతే చూడు. 1937 నవంబరులో మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా పెద్దమనుషులు, సీమ పెద్దమనుషులు కూర్చోని నీళ్ళ గురించి, రాజధాని, హైకోర్టు గురించి రాసుకున్నారు. మాట తప్పితే ఏ కోర్టుకి పోవాల్నో ఆ కాగితంలో యాడా లేదు. 1953లో మా ఊరికి రాజధాని వచ్చింది, 1956లో హైదరాబాదుకి పాయె. అదే తుంగభద్ర ఎగువ కాలువలో (నీ హెచ్చెల్సీ) మన వాటా 32.5 టీఎంసీలు అని నువ్వు ఈ పొద్దు గట్టిగా అడగగలుగుతున్నావంటే అది నదీజలాల తగాదా తేల్చే ట్రిబ్యునల్ రాసిచ్చినందుకే గదా. ఓట్ల లెక్కన పోతే సీమకి ఎన్ని ఓట్లుండాయప్పా?

హెచ్చెల్సీ ఆయకట్టు:
శ్రీబాగ్ మాట ఒప్పుకుంటా అన్నా, అది నేను అనుకోలేదు. కానీ చట్టం ఎవరి చేతిలో ఉందో అదీ చూడాల గదా. హంగరీ మీద 2018లో ఆర్టికల్ 7 కింద (యూనియన్ మూల విలువలు మీరిన దేశం మీద చర్యకి ఒప్పందంలో ఉండే నియమం) కేసు మొదలుపెట్టినారు, దాంట్లో తప్పు జరిగిందని తేల్చాలంటే మిగతా దేశాలన్నీ ఒక్క మాట మీద ఉండాల, ఒక్క దోస్తు దేశం అడ్డం పడితే చాలు ఆగిపోతాది. 2022 డిసెంబరులో హంగరీకి రావాల్సిన 630 కోట్ల యూరోలు ఆపినారు, మంచిదే, కానీ 2023 డిసెంబరులో హంగరీ ఒప్పుకోవాల్సిన ఉక్రెయిన్ నిర్ణయాలుండే పెద్ద సమావేశానికి ఒక్క దినం ముందు కమిషన్ ఇంకో ఖాతాలో ఉన్న 1,020 కోట్ల యూరోలకి దారి తెరిచింది. కోర్టుల సంస్కరణ చేసినారు కాబట్టి ఇచ్చినాము అని వాళ్ళంటారు, యూరోపియన్ పార్లమెంటేమో ఆ మాట నమ్మల్యా, కమిషన్ మీదే కోర్టుకి పోయింది. చూసే మామూలు మనిషికి చట్టం బేరంలో పెట్టినట్టు కనపడదా?

పెన్నా గట్టు (కడప):
అన్నలిద్దరూ పైనుంచే మాట్లాడుతున్నారు. మా అమ్మోళ్ళ ఊరు ఒక ప్రాజెక్టు ముంపులో పోయింది, అంతకుముందు ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా ఏసి అందర్నీ మాట్లాడిచ్చినారు, మా అమ్మ జీవితంలో మొదటిసారి మైకు పట్టుకుంది, గొర్రెలు మేపుకునే బీడు సంగతి ఏందని అడిగింది. ఔను కాదు అని ఒక్క జవాబు రాల్యా. అప్పట్నుంచి ఆమె ఏ మీటింగుకీ పోదు.
యూరప్‌లోనూ పది లక్షల సంతకాలు, కనీసం 7 దేశాల నుంచి తెస్తే కమిషన్‌ని చట్టం చేయమని అడగొచ్చు, కమిషన్ జవాబు చెప్పాల గానీ చెయ్యాలని ల్యా. 2021, 22ల్లో లాటరీ తీసి 800 మందిని పిలిచి మాట్లాడిచ్చినారు, పార్లమెంటుకి చట్టం ప్రతిపాదించే హక్కియ్యండి అని కూడా ఆడ నుంచి వచ్చింది, దానికి ఒప్పందం మార్చాల, ఇంతవరకు మార్చల్యా. అడగడం అడిగి ఊరకుండేదానికన్నా అడక్కుండా ఉండేదే మేలు.

బురుజు పక్కన:
అమ్మా, మీ అమ్మ గారి సంగతి చదివి శానాసేపు ఏం రాయలేకపోయినా. నేను చెప్పిన కోర్టు దాకా ఆమె లాంటోళ్ళు ఎట్లా పోతారనేది నేను ఆలోచించల్యా. తమ్ముడూ, ఆ డబ్బు ఆపడం, వదలడం కమిషన్ చేతిలో ఉండకూడదు అనేది ఒప్పుకుంటా. కానీ అన్ని దేశాలూ ఒప్పుకోవాల అనే నియమం తీసేయమంటే మాత్రం ఆగు, మాల్టా లాంటి ఐదు లక్షల పైచిలుకు జనం ఉన్న దేశానికి ఆ ఒక్క ఓటే బలం.

హెచ్చెల్సీ ఆయకట్టు:
ఆడే నేనూ ఆగిపోయినా అన్నా. సీమోన్ని అయ్యుండి చిన్నోళ్ళ చేతిలో ఉన్నది లాక్కోమని ఎట్లా అంటా. తప్పు చేసిన దేశం మీద చర్య వరకే ఆ నియమం తీసి, కొత్త ఒప్పందాలకి ఉంచితే ఎట్లుంటాది? సోమవారం పిల్లోళ్ళని ఇదే అడుగుతా, అమ్మ గారి గొర్రెల బీడు సంగతి వాళ్ళకి చెప్పొచ్చునా అక్కా?