పిల్లల ఫోన్‌ను వారికి తెలియకుండా చూడటం విశ్వాసులైన తల్లిదండ్రులకు తగునా?

యునీకే:
ప్రభువునందు అందరికీ వందనాలు. ఒక విషయంలో నా మనస్సాక్షి నన్ను నిలువనీయడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా అమ్మాయికి 15 ఏళ్లు. యువజన కూటానికి మానకుండా వెళ్తుంది, ఆరాధనలో పాటల బృందంతో పాడుతుంది, కుటుంబ ప్రార్థనకు పిలవకముందే వచ్చి కూర్చుంటుంది. మూడు వారాల క్రితం ఆమె నిద్రపోయిన తరువాత ఆమె ఫోన్ తెరిచి, స్నేహితురాళ్లకు రాసిన సందేశాలన్నీ చదివాను. పాస్‌వర్డ్ ఆమె నాకు చెప్పింది కాదు. ఎన్నో రోజులు పక్కన కూర్చుని, ఆమె వేళ్లు కదిలే తీరును గమనించి పట్టుకున్నది. నేను భయపడినవేవీ అందులో లేవు. అయితే తనకు కొన్ని నెలలుగా ప్రార్థన చేయాలనిపించడం లేదనీ, చేతులెత్తి పాడుతున్నప్పుడు తాను నటిస్తున్నట్లుగా ఉంటోందనీ, ఈ సంగతి తెలిస్తే అమ్మ తట్టుకోలేదనీ ఒక స్నేహితురాలికి రాసుకుంది.

ఆ చివరి మాట చదివిన నాటి నుండి నాకు కంటి మీద కునుకు లేదు. తెలిసిన సంగతిని తెలియనట్లు ఉంటూ రోజూ ఆమె పక్కన మోకరిస్తున్నాను. మా వారు మాత్రం, పిల్లల ఆత్మల విషయమై దేవునికి లెక్క అప్పగించవలసినవాళ్లం మనమే గనుక చూడటం మన బాధ్యతేనని, మనసు పాడుచేసుకోవద్దని అంటున్నారు. తల్లిదండ్రులకు ఆ అధికారం నిజంగా ఉన్నదా? ఉన్నట్లయితే నాకు ఈ భారం ఎందుకు?

కావలివాడు:
సహోదరీ, మీరు చేసినది తప్పు కాదు. యాజకుడైన ఏలీని గురించి దేవుడు సమూయేలుతో చెప్పిన మాట గుర్తుచేసుకోండి. కుమారుల దోషాన్ని ఎరిగియుండి కూడా అతడు వారిని అడ్డగించలేదు గనుక అతని ఇంటి మీదికి తీర్పు వచ్చింది (1 సమూయేలు 3:13). ఎరిగి ఊరుకున్నవాడికే అంత శిక్ష అయితే, ఎరగకుండా ఉండటానికి కావాలని కళ్లు మూసుకున్నవాడి మాట ఏమిటి?

మా ఇంట్లో జరిగినది చెబుతాను. నా కుమారుడికి 16 ఏళ్లప్పుడు, తన వయసు అమ్మాయినని నమ్మించిన ఎవరో వాడి చేత ఒక ఫోటో పంపించుకుని, డబ్బు ఇవ్వకపోతే దానిని వాడి స్నేహితులందరికీ పంపుతామని బెదిరించారు. డబ్బు కోసం జరిగే ఈ రకపు బెదిరింపులకు ఎక్కువగా బలయ్యేది 14 నుండి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరిస్తూ వస్తోంది. మావాడు నాలుగు రోజులు నోరు విప్పలేదు, అన్నం సహించక లేచిపోయేవాడు. వాడికి తెలియకుండా అప్పుడప్పుడు ఫోన్ చూసే అలవాటు నాకు ఉండబట్టి ఐదో రాత్రి సంగతి బయటపడింది. ఆ రాత్రి నేను చూడకపోయి ఉంటే ఏమి జరిగేదో తలచుకునే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. బెదిరించేవాడు పిల్లవాడికి గంటల గడువు ఇస్తాడు. అనుమతి అడిగి, మాట్లాడి, నమ్మకం పెంచుకుని చూసే వ్యవధి అక్కడ ఉండదు.

సండే స్కూలు టీచర్:
వయసు సంగతి తేల్చకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదు. పదేళ్ల పిల్లవాడి చేతిలోని ఫోన్ నిజానికి తల్లిదండ్రులది. దానిని చూడటంలో రహస్యమన్న మాటే ఉండకూడదు. చాలా సామాజిక మాధ్యమాలు ఖాతాకు 13 ఏళ్లు నిండాలని అంటాయి గనుక, ఆ వయసు వచ్చిందంటే పిల్లలు సిద్ధమైనట్లేనని మన సంఘాల్లో చాలామంది అనుకుంటున్నారు. ఆ అంకె వెనుక పిల్లల వివేకాన్ని గురించిన నిర్ణయమేదీ లేదు. 13 ఏళ్లలోపు వారి సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 1998లో అమెరికా చేసిన చట్టం నుండి అది వచ్చింది. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, 16 ఏళ్లలోపు వారికి ఖాతాలు లేకుండా చూసే బాధ్యతను 2025 డిసెంబరు 10 నుండి కంపెనీల మీద పెట్టింది. యునీకే గారి అమ్మాయి సరిగ్గా ఈ రెండు వయసుల మధ్య ఉంది. ఆలస్యంగా ఇవ్వడం మేలన్నదే నా మాట, కానీ ఇచ్చిన తరువాత దొంగతనంగా చూడటం ఆ ఆలస్యానికి ప్రత్యామ్నాయం కాదు.

అరణ్యస్వరం:
యునీకే గారు అడిగినది అధికారం గురించి. అధికారం ఉన్నదనే నేనూ అంటాను. అయితే “తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి” (ఎఫెసీయులకు 6:4) అన్న వాక్యం అధికారాన్ని ఇస్తూనే అది నడవవలసిన తీరును కూడా నిర్ణయించింది. నా అభ్యంతరం చూడటం మీద కాదు, చాటుగా చూడటం మీద.

ఆదాము చెట్ల మధ్య దాగినప్పుడు అతడు ఎక్కడున్నాడో దేవునికి తెలియక కాదు. అయినా ఆయన మొదట “నీవు ఎక్కడ ఉన్నావు?” అని పిలిచాడు. సమస్తం చూస్తున్నవాడు అడిగి, దాగినవాడు తానుగా బయటికి రావడానికి దారి ఇచ్చాడు. కొంచెం మాత్రమే చూడగలిగిన మనం ఆ అడిగే పనిని వదిలి, చూసే పనిని మాత్రం తీసుకుంటున్నాం. ప్రభువు కూడా గదిలోనికి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. రహస్యమందు చూచేవాడు పరలోకపు తండ్రి అని అక్కడ చెప్పాడు (మత్తయి 6:6). ఎదుగుతున్న బిడ్డ విశ్వాసం తనదిగా మారేది ఆ మూసిన తలుపు వెనుకనే. కూతురు స్నేహితురాలికి రాసుకున్న ఆ మాటలు, మీరు దయచేసి గమనించండి, ఒక విధంగా దావీదు కీర్తనల్లో ఉన్న మొర వంటివే. ఆమె తన పొడితనాన్ని దాచలేదు, ఒకరితో నిజం చెప్పుకుంది.

ఇక ఆచరణకు వస్తే, చాటుగా తెలుసుకున్నదానిని వాడుకోలేకపోవడమే ఈ పద్ధతిలోని పెద్ద లోపం. తన బిడ్డకు ప్రార్థన ఎండిపోయిందని ఒక తల్లికి తెలిసింది. ఆమెతో మాట్లాడటానికి అంతకంటే ముఖ్యమైన సంగతి లేదు. కానీ మాట్లాడితే తాను దొంగతనంగా చూసినది బయటపడుతుంది గనుక అదొక్కటే మాట్లాడలేకపోతోంది. మీ భారం ఇదేనని నేను అనుకుంటున్నాను.

రహస్య నిఘా యాప్‌లు పెట్టుకోవాలని ఆలోచించేవారికి మరొక మాట. అవి బిడ్డ సందేశాలను, ఫోటోలను, తిరిగే చోట్లను కంపెనీ సర్వర్లకు పంపుతాయి. బిడ్డతో మనసు విప్పిన స్నేహితుల మాటలు కూడా వారి ఎరుక లేకుండా అక్కడికే చేరుతాయి. స్పైఫోన్ అనే అటువంటి యాప్‌ను నడిపిన సంస్థను 2021లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిఘా వ్యాపారం నుండే నిషేధించింది. బాహాటంగా పర్యవేక్షించే సాధనాలు వేరు. 2024లో ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన టీన్ ఖాతాల్లో పర్యవేక్షణ పెట్టుకున్న తల్లిదండ్రులు, గత 7 రోజుల్లో పిల్లలు ఎవరితో సందేశాలు నడిపారో చూడగలరు, ఏమి రాశారో చూడలేరు. ఆ పర్యవేక్షణ ఉన్నదని పిల్లలకు కూడా తెలుసు. కంచె ఎక్కడ ఉన్నదో గొర్రెకు కనబడుతుంది.

కావలివాడు గారూ, మీ కుమారుడిని దేవుడు కాపాడినందుకు ఆయనకు స్తోత్రం. అయితే ఆ నేరస్థుడి చేతిలోని ఆయుధం ఫోటో కాదు, “ఇంట్లో తెలిస్తే” అన్న భయం. ఆ భయం లేని బిడ్డ మొదటి గంటలోనే తండ్రి దగ్గరకు పరుగెత్తుతాడు. ఇక్కడ చదివే పిల్లలు, పెద్దలు అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 18 ఏళ్లు నిండకముందు తీసిన అటువంటి ఫోటోల కోసం, తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా జాతీయ కేంద్రం 2023 నుండి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. ఫోటోను ఎవరికీ పంపనక్కరలేదు. మన ఫోన్‌లోనే దానికొక డిజిటల్ వేలిముద్ర వంటి సంకేతం తయారవుతుంది, అదొక్కటే వెళ్తుంది. ఇందులో చేరిన వేదికలు ఆ సంకేతంతో సరిపోలిన ఫోటోను గుర్తించి తొలగించగలవు. డబ్బు ఇవ్వకుండా, సందేశాలు చెరపకుండా, పోలీసులకు చెప్పాలి.

ఒక్క ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోకండి. మీకు తెలిసిన సంగతి ఎలా తెలిసిందని మీ అబ్బాయితో చెప్పారు?

యౌవనుడు_19:
పెద్దలు మాట్లాడుతున్నచోట చొరబడినందుకు క్షమించండి. నేను 14 ఏళ్ల వయసులో ఉండగా మా అమ్మ ఇలాగే చూసేది. నాకు ఆ సంగతి రెండో వారంలోనే తెలిసిపోయింది. నేను మరో ఖాతా తెరిచాను. మొదటి ఖాతాలో వాక్యాలు, ఆరాధన పాటలు, సంఘ కార్యక్రమాల ఫోటోలు ఉండేవి, అది అమ్మ కోసం. రెండోది నా కోసం. మనుష్యులకు కనబడవలెనని చేసే భక్తిని గురించి ప్రభువు మత్తయి 6లో హెచ్చరించాడు కదా, ఆ భక్తిలో నాకు అంత చిన్న వయసులోనే నైపుణ్యం వచ్చింది. దాన్ని విడిచిపెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మరొక సంగతి. మీరందరూ సందేశాల గురించే మాట్లాడుతున్నారు. నన్ను పాడుచేసినవి సందేశాలు కావు, వేలితో తోస్తుంటే అంతం లేకుండా వస్తూ ఉండే ఫీడ్. ఆ అంతులేని స్క్రోలింగ్‌ను 2006లో రూపొందించిన అజా రాస్కిన్ తరువాత తానే దాని గురించి పశ్చాత్తాపపడ్డాడు. రోజుకు 3 గంటలకు మించి సామాజిక మాధ్యమాల్లో గడిపే కౌమారప్రాయులకు కుంగుబాటు, ఆందోళన వంటి ఇబ్బందుల ముప్పు రెట్టింపు ఉంటుందని 2023లో అమెరికా ప్రజారోగ్య ప్రధానాధికారిగా (సర్జన్ జనరల్) ఉన్న వివేక్ మూర్తి ఇచ్చిన సూచనాపత్రం చెబుతోంది. నేను 5 గంటలు గడిపేవాణ్ని. అమ్మ నా సందేశాల్లో ఒక్క చెడ్డ మాటా దొరకలేదని నెమ్మదిగా నిద్రపోయేది.

నాకు సహాయపడినది మా యువజన నాయకుడు. ఒక కూటంలో ఆయన తన ఫోన్ తీసి, ఆ వారం తాను దాని మీద గడిపిన గంటలను మా అందరికీ చూపించి, “నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను” అన్న పౌలు మాట (1 కొరింథీయులకు 6:12) చదివి, తన కోసం ప్రార్థించమని మమ్మల్ని అడిగారు. మా వయసువాళ్లను ఒక పెద్దాయన అలా అడగడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రాత్రే ఆయనకు నా రెండో ఖాతా సంగతి చెప్పాను. ఆయన అడగలేదు.

కావలివాడు:
అరణ్యస్వరం గారి ప్రశ్నకు జవాబు రాయడానికి రెండు రోజులు తీసుకున్నాను.

ప్రభువు నాకు బయలుపరిచాడని చెప్పాను. ఆ రాత్రి వాడిని నిద్ర లేపి, నీవు ఏదో దాస్తున్నావని ప్రార్థనలో నాకు తెలిసిందన్నాను. వాడు వెంటనే ఏడుస్తూ అంతా చెప్పేశాడు. అప్పుడు అది దేవుని కార్యమేనని నన్ను నేను ఒప్పించుకున్నాను. ఆ తరువాత ఒక ఆదివారం వాడు సంఘం ముందు నిలబడి, దేవుడు మా నాన్నగారికి నా సంగతి చూపించి నన్ను రక్షించాడని సాక్ష్యం చెప్పాడు. ముందు వరుసలో కూర్చుని నేను ఆమేన్ అన్నాను.

ప్రాణాపాయం ఉన్నదని తోస్తే ఈనాటికీ నేను అడగకుండానే చూస్తాను. ఆ విషయంలో నా మాట మారదు, ఎవరైనా మారమన్నా మారలేను. కానీ చూసినవాడిని నేనేనని చెప్పకుండా దేవుని నామాన్ని అడ్డుపెట్టుకున్నాను. దానికి ఏ వాక్యమూ నాకు ఆధారంగా దొరకడం లేదు. వాడి విశ్వాసానికి పునాదిగా ఉన్న ఆ సాక్ష్యాన్ని ఇప్పుడు నా చేతులతో కదిలించాలా అన్నదే నా భయం. నా కోసం ప్రార్థించండి.

అరణ్యస్వరం:
సహోదరుడా, మీరు ఇది ఇక్కడ రాయడానికి ఎంత ప్రయాస పడి ఉంటారో తెలుస్తోంది. ప్రార్థిస్తున్నాను. మీరు చెప్పకపోతే, ఒక రోజు మరొకరి ద్వారా తెలిసినప్పుడు వాడు సందేహించేది మిమ్మల్ని మాత్రమే కాదు, దేవుడిని కూడా. అప్పుడు కదిలేది మరింత లోతుగా కదులుతుంది. ప్రాణాపాయం విషయంలో మీరన్నదానిని నేను కాదనను. అటువంటప్పుడు కూడా చూసిన వెంటనే “నేను చూశాను” అని చెప్పగలగాలని మాత్రమే అంటాను.

యునీకే:
కావలివాడు అన్నయ్యగారి జవాబు చదివిన రాత్రి మా అమ్మాయికి అంతా చెప్పాను. పాస్‌వర్డ్ ఎలా పట్టుకున్నానో కూడా చెప్పాను. ఆమె అరవలేదు. “ఏ రోజు చదివావు?” అని అడిగి, నేను తేదీ చెప్పగానే, ఆ తరువాత తాను నాతో అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంటున్నట్లు మౌనంగా ఉండిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కుటుంబ ప్రార్థనకు రాలేదు, నేను పిలవలేదు.

మూడో రోజు తానే వంటగదిలోకి వచ్చి, “నీకు ఎప్పుడైనా అలా అనిపించిందా అమ్మా?” అని అడిగింది. మా నాన్నగారు పోయిన సంవత్సరం నేను ఎనిమిది నెలలు బైబిలు ఊరికే తెరిచి మూసేదానిని. ఈ సంగతి నేను మా వారికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆమెకు చెప్పాను.

పాస్‌వర్డ్ మార్చుకుంది, కొత్తది నేను అడగలేదు. ఎవరితో మాట్లాడుతోందో కనబడే పర్యవేక్షణకు ఒప్పుకుంది, రాత్రి 10 గంటల తరువాత ఫోన్ హాలులో పెట్టడానికీ ఒప్పుకుంది, అయితే నాదీ, వాళ్ల నాన్నదీ అక్కడే ఉండాలని షరతు పెట్టింది. మా వారు దానికి ఇంకా ఒప్పుకోలేదు.