పోతపాలు తాగిన పిల్లలకు ఇమ్యూనిటీ నిజంగానే తక్కువా?

ఇద్దరి అమ్మ:
పెద్దవాడు ఏడాది దాటేదాకా తల్లిపాలే తాగాడు. చిన్నదానికి పాలు చాలక రెండో నెల నుంచి పోతపాలు పట్టాను. దానికి ముక్కు కారితే చాలు, ఇంట్లో "డబ్బా పాల పిల్ల కదా" అంటారు. తీరా ఆస్తమా వచ్చింది పెద్దవాడికి! ఇందులో నిజమెంత?

గడపదీపం:
మీ ఇంట్లోవాళ్ల మాటలో నిజం లేకపోలేదండీ. తల్లి యాంటీబాడీలు పాలతోనే బిడ్డ రక్తంలో చేరతాయి. డబ్బాలో అవి ఎక్కడివి?

రాత్రి ల్యాబ్:
సగమే కరెక్టు. బిడ్డ రక్తంలో ఉండే తల్లి యాంటీబాడీలు ఐజీజీ రకం. అవి కడుపులో ఉండగానే మాయ (ప్లాసెంటా) ద్వారా వచ్చేస్తాయి, తర్వాత ఏ పాలు తాగినా నెలల్లో తగ్గిపోతాయి. పాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ అనే ఇంకో రకం. ముర్రుపాలలో అయితే మరీ చిక్కగా ఉంటుంది. అది రక్తంలోకి పెద్దగా వెళ్లదు, పేగు గోడ దగ్గరే క్రిమిని పట్టేస్తుంది. నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించేది ఇంకోటి: తల్లి పేగులో ఒక క్రిమిని గుర్తుపట్టిన కణాలు రొమ్ముదాకా ప్రయాణించి, సరిగ్గా ఆ క్రిమికే యాంటీబాడీలు తయారుచేస్తాయి. పైగా పాలలో బిడ్డకు అరగని చక్కెరలుంటాయి. అవి బిడ్డ కోసం కాదు, పేగులో ఉండే బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా కోసం! ఇప్పుడు కొన్ని డబ్బా పాలపొడుల్లో ఆ చక్కెరల్లో కొన్నిటిని కలుపుతున్నారు. తల్లిపాలలో వందకు పైగా రకాలుంటాయి.

లెక్కల పిచ్చి:
కథ బాగుంది, ఫలితం చూడండి. బెలారస్‌లో 1996-97లో 31 ఆసుపత్రుల్లో పదిహేడు వేల మంది తల్లీబిడ్డలతో ట్రయల్ చేశారు. కొన్నిచోట్ల తల్లిపాలకు గట్టిగా ప్రోత్సాహం, మిగతాచోట్ల మామూలు పద్ధతి. మొదటి ఏడాదిలో విరేచనాల జబ్బులు 13.2 శాతం నుంచి 9.1కి తగ్గాయి, ఎగ్జిమా (చర్మంపై దురద, దద్దుర్లు) కూడా తగ్గింది. జలుబు, దగ్గు లాంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరున్నరేళ్లకు చూస్తే ఆస్తమా, ఎలర్జీ ఏమాత్రం తగ్గలేదు. "జీవితాంతం ఇమ్యూనిటీ" అని ఊదరగొట్టేవాళ్లు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు.

గడపదీపం:
ఐజీజీ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ట్రయల్‌లో రెండు వైపులా తల్లిపాలతో మొదలుపెట్టినవాళ్లే కదా? తేడా ఎన్నాళ్లు, ఎంతమేరకు ఇచ్చారన్నదే. తల్లిపాలకూ పోతపాలకూ నేరుగా పోటీ పెట్టలేదు. అసలు తేడా ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

లెక్కల పిచ్చి:
విరేచనాల విషయంలో ఒప్పుకుంటాను. ఆస్తమా విషయంలో "ఉండొచ్చు"తో పని జరగదు.

రాత్రి ల్యాబ్:
పైగా పోతపాల బిడ్డకు వచ్చే విరేచనాలన్నీ "ఇమ్యూనిటీ తక్కువ" ఖాతాలో రాయకూడదు. సీసా, నిపిల్, నీళ్లు... క్రిములు వీటితోనే లోపలికి పోతాయి. పాలపొడి స్టెరైల్ కాదు, అంటే అందులోనూ క్రిములు ఉండొచ్చు. అందుకే 70 డిగ్రీలకు తగ్గని నీళ్లలో కలిపి, చల్లార్చి పట్టమని డబ్ల్యూహెచ్ఓ చెబుతుంది.

ఇద్దరి అమ్మ:
అయ్యో, నేను గోరువెచ్చని నీళ్లలో కలిపేదాన్ని! సీసా మాత్రం రోజూ మరిగించేదాన్ని. జలుబు గురించిన ముక్క స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.