అప్‌డేట్: నాన్న నిద్రమాత్ర, దగ్గు సిరప్ గురించి

సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న మా నాన్న నిద్రకు ఆల్ప్రజోలమ్ వేసుకుంటూ, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా తాగొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఇక్కడ కడపలో డాక్టరుకు చూపించాం. సిరప్ వెంటనే ఆపేశారు.

ఆయన ఓపిగ్గా వివరించారు. మెదడులో గాబా అనే రసాయనం నరకణాలను నెమ్మదింపజేస్తుంది. ఆల్ప్రజోలమ్ గాబా-ఎ రిసెప్టార్‌కు (నరకణం మీద గాబా అతుక్కునే చోటు) అతుక్కుంటే, అక్కడ క్లోరైడ్ లోపలికి వెళ్లే దారి ఇంకా ఎక్కువసార్లు తెరుచుకుని, నరకణం మరింత నెమ్మదిస్తుంది. ఊపిరి లయను నడిపే మెడుల్లా అనే మెదడు కింది భాగంలోనూ ఈ రిసెప్టార్లు ఉన్నాయి. కోడీన్ వేరే రిసెప్టార్ల మీద పనిచేసి అదే ఊపిరిని తగ్గిస్తుంది. రెండూ కలిస్తే, అందులోనూ ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు, ప్రాణం మీదికి రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే ఇలాంటి జోడీలపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. విరుగుడు మందులు కూడా వేరువేరు: ఆల్ప్రజోలమ్‌కు ఫ్లూమాజెనిల్, కోడీన్‌కు నాలోక్సోన్. ఇంత ప్రమాదమున్న సిరప్‌ను ఏమీ అడగకుండా చేతికిచ్చే మందుల షాపులంటే నాకు నిజంగా కోపం వస్తోంది.

నిద్రమాత్రను మాత్రం ఒక్కసారిగా మానొద్దన్నారు, ఫిట్స్ రావచ్చట. అమ్మకు టెన్షన్‌గానే ఉంది కానీ, డోసు మెల్లమెల్లగా తగ్గిస్తున్నాం.