ఫారెన్‌హీట్ 451: మాంటాగ్‌కి అనుమానం అసలు ఎప్పుడు మొదలైంది?

కాఫీతో_కథలు:
బ్రాడ్‌బరీ 1953 నవల నిన్న రాత్రి పూర్తి చేశాను. బాగుంది, కానీ ఒక్కటి మింగుడుపడలేదు. మాంటాగ్ ఫైర్‌మన్, అంటే అక్కడ మంటలు ఆర్పేవాడు కాదు, పుస్తకాలు దొరికిన ఇళ్లు తగలబెట్టేవాడు. పదేళ్లుగా అదే పని, కిరోసిన్ వాసన తనకి సెంటులాంటిదని గొప్పగా చెప్పుకుంటాడు. అలాంటివాడు, పక్కింటి అమ్మాయి క్లారిస్, ఇంకా పదిహేడేళ్లు కూడా నిండని పిల్ల, "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగేసి జవాబు వినకుండా లోపలికి వెళ్లిపోతే, ఆ ఒక్క మాటకే ఇంత మారిపోతాడా? మన సినిమాల్లో హీరోయిన్ కనబడగానే రౌడీ మంచోడైపోయినట్టు ఉంది నాకైతే.

రెండోసారి_చదువరి:
ఒక్క మాటకే మారలేదండీ, ఆ చోటే మళ్లీ చదవండి. క్లారిస్ వెళ్లిపోయాక మాంటాగ్ ఇంట్లోకి వచ్చి హాల్లో పైనున్న వెంటిలేటర్ జాలీ వైపు చూస్తాడు, దాని వెనకాల ఏదో దాచిపెట్టిన సంగతి గుర్తొస్తుంది, గబుక్కున చూపు తిప్పేసుకుంటాడు. రెండు మూడు వాక్యాలే కాబట్టి మొదటిసారి నేనూ దాటేశాను. తర్వాత కుర్చీ ఎక్కి ఆ జాలీ తీసి భార్య ముందు ఇరవై దాకా పుస్తకాలు కింద పడేస్తాడు చూడండి, అవన్నీ ఒక్క వారంలో పోగైనవి కావు కదా. ఇంకోటి, ఏడాది కిందట పార్కులో ఫేబర్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ కోటులో ఏదో దాస్తుంటే చూసి కూడా పట్టివ్వడు, ముచ్చట్లు పెట్టుకుని అడ్రస్ కాగితం తెచ్చుకుని దాచుకుంటాడు. అనుమానం ఎప్పటి నుంచో ఉంది, తనకి తానే చెప్పుకోలేదు, అంతే.

అర్ధరాత్రి_పాఠకురాలు:
నాకు క్లారిస్ కంటే మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ ముఖ్యం అనిపించింది. అదే రాత్రి ఆవిడ నిద్రమాత్రల సీసా మొత్తం ఖాళీ చేసి పడి ఉంటుంది. వచ్చేది డాక్టర్ కాదు, మెషిన్ పట్టుకుని ఇద్దరు మనుషులు, ఇద్దరి నోళ్లలోనూ సిగరెట్లు. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయని బోరు మోటారు బాగుచేసేవాళ్లలా మాట్లాడి, డబ్బులు తీసుకుని పోతారు. తెల్లారి ఆవిడ ఆకలేస్తోందంటూ టోస్టు తింటుంది, రాత్రి సంగతి ఏమీ గుర్తుండదు! తర్వాత ఒకరోజు మనం మొదట ఎక్కడ కలిశాం అని అడిగితే ఇద్దరికీ గుర్తురాదు. ఇంట్లో ఇది చూశాక ఎవడికైనా బుర్ర తిరుగుతుంది, దానికి పక్కింటి అమ్మాయి ఎందుకు?

జల్లెడ_ఇసుక:
ఇద్దరూ కరెక్టే కానీ నాకు వీళ్లు పుస్తకాలు కాల్చడానికి వెళ్లే ముసలావిడ ఇంటి సీన్ దగ్గర దొరికింది జవాబు. పుస్తకాల వాన కురుస్తుంటే ఒకటి వచ్చి పావురంలా మాంటాగ్ చేతిలో వాలుతుంది, దాన్ని చంకలో దోపుకుంటాడు. ఆ పని చేసింది తను కాదు, తన చెయ్యి అనుకుంటాడు, చేతికే బుర్ర ఉన్నట్టు. ఆవిడేమో ఇల్లు వదలకుండా తనే అగ్గిపుల్ల గీసుకుంటుంది. అంటే చెయ్యి ముందు మారింది, మనసు తర్వాత నెమ్మదిగా వచ్చి చేరింది. క్లారిస్ చేసిందల్లా దానికి మాటలు ఇవ్వడం. (నా పేరు కూడా ఈ నవల్లోదే, ట్రెయిన్లో టూత్‌పేస్ట్ యాడ్ హోరులో మాంటాగ్ బైబిలు బట్టీపట్టాలని చూస్తే జల్లెడలో ఇసుకలా కారిపోతుందే, అక్కడిది. నేను ఆ పేజీ మెట్రోలో చదువుతుంటే పక్కాయన ఫుల్ సౌండ్‌తో రీల్స్ చూస్తున్నాడు, ఒట్టు.)

కాఫీతో_కథలు:
జాలీ సంగతి ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను, నిజమే, పూర్తిగా మిస్సయ్యాను 🤦 హీరోయిన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అంత దాచుకున్నవాడు తన పై అధికారి కెప్టెన్ బీటీకి ఎలా దొరక్కుండా ఉన్నాడు?

రెండోసారి_చదువరి:
దొరక్కుండా ఏంటండీ, బీటీకి ముందే తెలుసు. ఒంట్లో బాగాలేదని మాంటాగ్ మంచం మీదుంటే ఇంటికొచ్చి, పైపు వెలిగించి, తీరిగ్గా కూర్చుని చెబుతాడు. ప్రతి ఫైర్‌మన్‌కీ ఒకసారైనా ఈ దురద పుడుతుందట, పుస్తకం ఇంటికి తెచ్చుకుంటే 24 గంటలు ఊరుకుంటారట, ఈలోపు వాడే కాల్చకపోతే వీళ్లొచ్చి కాలుస్తారట. అంటే అనుమానానికి కూడా ఆ వ్యవస్థలో ఒక రోజు సెలవు ఉంది! నన్ను భయపెట్టింది ఇదే, ఫైర్ స్టేషన్లో ఉండే, మనుషుల్ని వేటాడే ఆ మర కుక్క కూడా ఇంత భయపెట్టలేదు. పైగా అప్పుడే మిల్డ్రెడ్ దిండు సర్దుతూ ఉంటుంది, దాని వెనక పుస్తకం ఆవిడ చేతికి తగులుతుంది, మాంటాగ్ వద్దని అరుస్తాడు, బీటీ మాత్రం ఏమీ జరగనట్టు చరిత్ర పాఠం చెప్పుకుంటూ పోతాడు.

అర్ధరాత్రి_పాఠకురాలు:
అసలు బీటీ అన్ని పుస్తకాల్లోంచి అంత గడగడా ఎలా అప్పజెబుతాడు? ఆయన 24 గంటలు ఎప్పుడు అయిపోయాయో మరి.