గువాష్‌లో లూజ్‌గా వేయాలంటే ముందు డ్రాయింగ్ గట్టిపడాలా?

చిత్తుబొమ్మ
ఏడాదిన్నరగా గువాష్ (నీళ్లతో కలిపి వేసే, కింద ఉన్నదాన్ని కప్పేసే చిక్కటి రంగు) వేస్తున్నాను. పెన్సిల్‌తో గీసుకుంటాను, ఆ గీతల్లోపల రంగు నింపుతాను. పూర్తయ్యాక చూస్తే పిల్లల రంగుల పుస్తకంలా ఉంటుంది. లూజ్‌గా, అంటే నాలుగు స్ట్రోకుల్లో చెట్టు, రెండు మచ్చల్లో మనిషి వేసేసేవాళ్లని చూస్తే నిజం చెప్పాలంటే కడుపు మండుతుంది. నాకంటే బాగా వేసే ఒకాయన్ని అడిగితే "ముందు రెండేళ్లు కచ్చితంగా గీయడం నేర్చుకో, లూజ్‌నెస్ దానంతట అదే వస్తుంది" అన్నారు. అంతే బాగా వేసే ఇంకొకావిడ "పెన్సిల్ ఇవాళే పక్కన పెట్టు, లేకపోతే ఆ గీతల్లోంచి ఎప్పటికీ బయటపడవు" అన్నారు. ఎవరి మాట వినమంటారు?

పాతకుంచె
మొదటి ఆయన మాట వినండి. ఈమధ్య లూజ్‌ అనే పేరుతో చేతకానితనం బాగా చెలామణి అవుతోంది. అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ వాటర్‌కలర్లు చూడండి, ఎండ పడ్డ చోట గువాష్ మచ్చ ఒకటి పెట్టి వదిలేస్తాడు. ఆ మచ్చ సరిగ్గా అక్కడే ఎందుకు పడిందంటే, దాని కింద ఉన్న ఆకారం ఆయనకి క్షుణ్ణంగా తెలుసు కాబట్టి. 1874లో పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే చిత్రకళా విద్యాలయం ప్రవేశ పరీక్ష నెగ్గాడాయన. అందులో శరీర నిర్మాణం, పెర్‌స్పెక్టివ్ (దూరాన్ని బట్టి ఆకారాలు మారి కనిపించే తీరు) కూడా గీయాలి. రెండేళ్లంటే భయపడుతున్నారు గానీ, రెండేళ్లు ఎక్కువేం కాదు.

సగంతడి
పాతకుంచె గారూ, సార్జెంట్‌ని తెచ్చారు కాబట్టి ఆయన గురువునీ తీసుకురావాలి. అదే 1874లో కరోలస్-డ్యూరాన్ స్టూడియోలో చేరాడు కదా. ఆ గురువు పద్ధతి ఏమిటి? నెలల తరబడి పెన్సిల్ షేడింగ్ చేయించడం కాదు, నేరుగా బ్రష్ పట్టించి టోన్లు (వెలుగునీడల మెట్లు) చూసి వేయమనడం. పాత స్పానిష్ చిత్రకారుడు వెలాస్కెజ్‌ని చూడండి, వెలాస్కెజ్‌నే చూడండి అని పోరేవాడు. అంటే మీ ఉదాహరణే మీకు సగం ఎదురు తిరుగుతోంది.

పాతకుంచె
అది ఆయిల్ అండీ. ఆయిల్ రోజంతా తడిగా ఉంటుంది, నచ్చకపోతే గీకి మళ్లీ వేసుకోవచ్చు. గువాష్ నిమిషాల్లో ఆరిపోతుంది, తప్పు పడితే తప్పే. అందుకే ముందు గీసుకోమంటున్నాను.

కత్తెరపని
ఫ్రెంచ్ చిత్రకారుడు మటీస్ సంగతో మరి? చివరి ఏళ్లలో సహాయకుల చేత కాగితాల నిండా గువాష్ పూయించి, కత్తెర పట్టి నేరుగా ఆకారాలు కత్తిరించాడు. పెన్సిల్ గీత లేదు, వెనక్కి తిరగడం లేదు. నేను గువాష్ వేయబోయే ముందు ఇప్పటికీ ఇదే చేస్తాను. నాలుగు టోన్ల రంగు కాగితాలు తీసుకుని సీన్‌ మొత్తాన్ని కత్తెరతో కత్తిరిస్తాను. కత్తెరతో కనురెప్పలు, ఆకుల ఈనెలు కుదరవు కాబట్టి పెద్ద ఆకారాలే మిగులుతాయి.

పాతకుంచె
మటీస్ ఆ కత్తెర పట్టేనాటికి యాభై ఏళ్లు బొమ్మలు వేసి ఉన్నాడు. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. (కత్తెర ఎక్సర్‌సైజ్ మాత్రం బాగుంది, ఒప్పుకుంటాను.)

నలుపుతెలుపు
ఇంతసేపూ అందరూ చిత్రకారుల గురించే మాట్లాడుతున్నారు, రంగు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వాటర్‌కలర్‌లో లూజ్‌నెస్ సగం నీళ్ల పుణ్యం. తడి కాగితం మీద వదిలితే రంగు దానంతట అదే పాకి మెత్తటి అంచు ఇస్తుంది. గువాష్ అలా చేయదు. గువాష్‌లోనూ రంగుపొడిని పట్టి ఉంచే బైండర్ తుమ్మజాతి జిగురే, కానీ రంగుపొడి పాలు ఎక్కువ, కొన్నిట్లో సుద్ద లాంటివి కూడా కలుపుతారు. అందుకే కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, పెట్టిన చోటే ఉండిపోతుంది. అంటే గువాష్‌కి సహజంగా వచ్చేది గట్టి అంచే. చిత్తుబొమ్మ గారి రంగుల పుస్తకం సమస్యలో సగం ఇదే. ఇదే జాతి రంగుతో 1502లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ కుందేలుని వెంట్రుక వెంట్రుకా వేశాడు. ఈ రంగు లూజ్‌గా ఉండమనీ అనదు, బిగుతుగా ఉండమనీ అనదు.

కాబట్టి నా లెక్కలో గొడవ పెన్సిల్ గురించి కాదు. కచ్చితత్వం కావాల్సిందే, కానీ దేనిలో? గీతలోనా, టోన్‌లోనా?

ఒక తెల్ల కప్పుని తెల్ల గోడ ముందు పెట్టండి, వెలుతురు ఎడమ నుంచి రానివ్వండి. పెన్సిల్ పట్టుకోగానే చేయి కప్పు చుట్టూ పూర్తి గీత లాగేస్తుంది, ఎందుకంటే కప్పుకి చుట్టూ అంచు ఉంటుందని మనకి తెలుసు. ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. వెలుతురు వైపు అంచు లేనే లేదు, గోడలో కలిసిపోయింది. కుడివైపు కప్పు మీది నీడ, బల్ల మీద పడ్డ నీడ రెండూ అతుక్కుని ఒకే మచ్చ అయ్యాయి. కప్పు లోపల చంద్రవంకలా ఇంకో మచ్చ. వేయాల్సింది ఈ రెండు మచ్చలు, మిగతా తెలుపు. ఎడమ అంచు వేయకండి. చూసేవాళ్ల కన్ను దాన్ని పూర్తి చేసుకుంటుంది, మనం లూజ్‌ అని పిలిచే అనుభూతి అక్కడే పుడుతుంది. కానీ ఆ నీడ టోన్ ఒక్క మెట్టు తప్పితే కప్పు కుప్పకూలుతుంది.

గువాష్‌లో ఆ మెట్టు తప్పడం చాలా తేలిక. లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త లేతబడతాయి. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనుకున్న నీడ ఆరేసరికి వెలవెలబోతుంది. అప్పుడు కంగారుపడి దిద్దుతాం, బొమ్మ బిగుసుకుపోతుంది. అదే కాగితం ముక్క మీద రంగు రాసి ఆరనిచ్చి చూసుకున్నాకే వేయండి.

రంగులపిచ్చి
దిద్దడం దగ్గర నా అనుభవం ఒకటి. "పదిహేను నిమిషాలు టైమర్ పెట్టుకో, చేయి అదే వదులవుతుంది" అని ఎవరో చెబితే నెల రోజులు చేశాను. లూజ్‌ కాదు కదా, ముప్పై కాగితాల బురద మిగిలింది. టైమర్ టెన్షన్‌లో ఆరిన రంగు మీద తడి బ్రష్‌తో రుద్దేదాన్ని. కింది పొర కరిగి పైకి వచ్చేసేది. ఇప్పుడు పై స్ట్రోక్‌కి నీళ్లు తగ్గిస్తాను: కింద పాల చిక్కదనం, పైన మీగడ చిక్కదనం. బ్రష్ పెట్టి, ఒక్కసారి లాగి, ఎత్తేయాలి. మరీ ముద్దగా వేస్తే ఆరాక పగుళ్లిస్తుంది, అదీ చూసేశాను. ఇంకోటి, ప్రతి లేత రంగుకీ తెలుపే కలిపితే అంతా సుద్ద పూసినట్టుంటుంది. ఎండలో ఆకుకి ముందు పసుపు కలిపి చూడండి.

సగంతడి
కింది పొర కదలకూడదంటే అక్రిలిక్ గువాష్ ఉంది కదా, ఆరితే మళ్లీ కరగదు.

రంగులపిచ్చి
వాడాను. కరగదు నిజమే, కానీ మెత్తటి అంచు కావాలంటే ఆరిన రంగుని తడి బ్రష్‌తో కదిపే వీలు కూడా పోతుంది. నాకు ఆ కరగడమే కావాలి, రుద్దడం తగ్గించుకుంటే సరిపోయింది.

పాతకుంచె
నలుపుతెలుపు గారి కప్పు మాట కాదనను. కానీ ఒక్క కప్పు కాబట్టి నడిచింది. కుర్చీలో కూర్చున్న మనిషిని వేయమనండి. నీడ టోన్ ఎంత సరిగ్గా ఉన్నా, మోకాలు రెండు వేళ్లు కిందకి జారితే ఆ మనిషి కుంటివాడవుతాడు. కొలతలు నేర్పేది డ్రాయింగే.

నలుపుతెలుపు
మనిషి దగ్గర మీరే రైటు. అక్కడ నేనూ గీసుకుంటాను. కాకపోతే అవుట్‌లైన్ గీయను. తల పైభాగం, మోకాలు, పాదం ఎక్కడ పడాలో నాలుగైదు చుక్కలు పెట్టుకుని, మిగతాది పెద్ద ఫ్లాట్ బ్రష్‌తో వేస్తాను. గీత ఉంటే చేయి దాన్ని దాటడానికి జంకుతుంది, చుక్కని ఎవరూ లెక్కచేయరు.

చిత్తుబొమ్మ
రెండు వారాలయింది. కప్పుని పదకొండుసార్లు వేశాను. మొదటి ఆరింట్లో ఎడమ అంచు వేయకుండా ఉండలేకపోయాను, చివర్లో చేయి దానంతట అదే వెళ్లి సన్నటి గీత పెట్టేసేది. ఏడోసారి సన్న బ్రష్‌లన్నీ వేరే గదిలో పెట్టి వచ్చాను. తొమ్మిదోది గోడకి అంటించాను, దూరం నుంచి చూస్తే కప్పు వెలుతురులో ఉన్నట్టే ఉంది. దగ్గరికెళితే రెండు మచ్చలే. ఫొటో పెడుతున్నాను. పాతకుంచె గారు తిట్టినా పర్వాలేదు.

పాతకుంచె
నీడ బాగా కుదిరింది, ఎడమవైపు వదిలేసింది కూడా. తిట్టను. కానీ ఆ పిడి చూశారా? పై కొన కప్పుకి అతికింది, కింది కొన గాల్లో ఉంది. పన్నెండోది వేసే ముందు ఆ పిడి ఒక్కటీ పెన్సిల్‌తో ఓ ఇరవైసార్లు గీయండి.